దయయు నేర్పును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల గ్రంథాలయమునకు ఉత్సవము జరుపునపుడు ఎన్ని పుస్తకములు చేరినవి, ఎందరు సభ్యులైరి అని లెక్క చెప్పుట ఆచారము. ఆ లెక్కను కార్యదర్శిగారు చక్కగా వినిపించిరి. నేను మరియొక లెక్కను గూర్చి మాటలాడుటకు అనుమతి కోరితిని. ఈ ఇరువదియైదేండ్లలో మన గడప దాటి లోనికి రాని పిల్లలెవరు? చెవి వినబడని పిల్ల, చూపు లేని పిల్లవాడు, కాలుసేతులు స్వాధీనములో లేనివాడు, పదేండ్లు వచ్చినను మూడేండ్ల బిడ్డవలె నుండువాడు, నలుగురి నడుమ నున్నను తనలో తానే యుండు పిల్ల. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షలమంది యని తేలినది. మన చీమకుర్తి వీధులు ఆ లెక్కకు వెలుపల లేవు.

అట్టి బిడ్డల తండ్రి పేరు మనకు తెలియును, తాత పేరు తెలియును, పొలము ఏ గట్టు ప్రక్కనున్నదో తెలియును. బిడ్డ పేరు మాత్రము తెలియదు. ఏలయన ఆ బిడ్డను మనము లోపముతోనే పిలుచుచున్నాము. కుంటివాడు, మూగది, పిచ్చివాడు అనునవియే వారికి మనము పెట్టిన పేర్లు. ప్రభుత్వము వారు వికలాంగులనిరి, పిదప విభిన్న ప్రతిభావంతులనిరి, దివ్యాంగులనిరి. మంచి పేర్లే. కాని కార్యాలయపు బల్లమీద పేరు మారినంతమాత్రమున బిడ్డకు అన్నము ముద్ద పట్టుకొనుట రాదు గదా.

మన ఊళ్లలో దయ లేదని నేననను. పెండ్లి పంక్తిలో అట్టి బిడ్డకు ముందు వడ్డింతురు. దుకాణములో బెల్లపుముక్క చేతిలో పెట్టుదురు. "పాపం, వాణ్ణేమీ అనకండి" అని పిల్లలను కసరుదురు. అయితే ఈ దయ ఒకచోట ఆగిపోవుచున్నది. ఈ బిడ్డకు ఏమియు రాదు, రాబోదు అని మొదట నిశ్చయించుకొని, ఆ మీదట చూపు దయ అది. అట్టి దయ పదేండ్లు సాగినచో బిడ్డకు నిజముగనే ఏమియు రాదు. అందుచేత దయకు తోడుగా నేర్పు కావలయునని చెప్పుటకే నేనిచట నిలుచుంటిని.

నేనెరిగిన ఒక ఇంటి సంగతి చెప్పెదను. ఇంటి పేరు చెప్పను. తండ్రి రెండెకరముల మిరప కౌలుకు చేయువాడు. కొడుకు పదేండ్లవాడు, బుద్ధి ఎదుగుదల తక్కువ. తల్లి అన్నము కలిపి పెట్టును, నీళ్లు పోయును, చొక్కా తొడిగి గుండీలు పెట్టును, ఆ పిమ్మటనే చేనికి పోవును. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ఉపాధ్యాయిని యొకతె వారమున కొక దినము ఆ ఇంటికి వచ్చుచుండెను. మొదటి నెలలో ఆమె పలక తీయలేదు, అక్షరము చెప్పలేదు. బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని చొక్కా గుండీలతో ప్రొద్దు పుచ్చెను. ఇరుగుపొరుగువారు, ఈమెకు జీతమిచ్చునది చొక్కాలు తొడుగుటకా అని నవ్వుకొనిరి.

గుండీ పెట్టుట మనకు ఒక పని. ఆమె కది ఆరు పనులు. గుండీ అంచు పట్టుకొనుట, రెండవ చేతితో కాజా పట్టుకొనుట, రెంటిని దగ్గరకు తెచ్చుట, గుండీని కాజాలోనికి దూర్చుట, ఆవలి వైపున దాని అంచు దొరకబుచ్చుకొనుట, లాగుట. మొదటి ఐదును తానే చేసి, కడపటి లాగుట మాత్రము బిడ్డకు విడిచెను. బిడ్డ లాగెను, గుండీ పడెను. "పెట్టుకున్నావురా నాన్నా" అని ఆమె మెచ్చుకొనెను. కొన్నాళ్లకు కడపటి రెండు పనులు, మరి కొన్నాళ్లకు కడపటి మూడు పనులు బిడ్డ వంతు వచ్చినవి. వెనుకనుండి ముందునకు నడచు ఈ పద్ధతిలో యుక్తి యున్నది. ముందునుండి మొదలిడినచో బిడ్డ ప్రతిమారును నడుమ చిక్కుకొని ఓడిపోవును. వెనుకనుండి వచ్చినచో ప్రతిమారును పని పూర్తియైన సంతోషముతో లేచును. ఓటమి రుచి మరిగిన బిడ్డకు ఈ సంతోషమే మొదటి పాఠము.

ఒకనాడు తల్లి ఓపిక పట్టలేక, "వాడికి చేతగాదులే టీచరమ్మా, పొద్దెక్కుతా ఉంది, నేను పెడతాగా" అని చేయి చాపెను. ఉపాధ్యాయిని ఆ చేతిని మెల్లగా పట్టుకొని, "మీరు పెడితే ఇవాళ్టికి అయిపోద్దమ్మా. రేపు మీరు లేనప్పుడు ఎవరు పెడతారు? రెండు నిమిషాలు ఆగండి" అనెను. ఆ రెండు నిమిషములు ఆగుట తల్లికి ఎంత కష్టమో ఆమె ముఖము చూచిన నాకు తెలియును. నాలుగు నెలలకు బిడ్డ ఐదు గుండీలును తానే పెట్టుకొనెను. ఆ పిమ్మట ఇంటికెవరు వచ్చినను, వారి యెదుట చొక్కా విప్పి మరల గుండీలు పెట్టి చూపనిదే విడువడాయెను!

తల్లి ప్రేమలో లోటు లేదు. ఆ విద్య ఆమెకెవరును చెప్పియుండలేదు, అంతియే. చూచి నేర్చుకొన్న మీదట ఆ తల్లియే, బడి లేని దినమున కల్లములో తన ప్రక్కన బిడ్డను కూర్చుండబెట్టుకొని, ఒక ఎఱ్ఱని కాయను, ఒక తాలు కాయను ఎదుట పెట్టి, రెంటికి భేదము చూపెను. రెండు కాయలు నాలుగైనవి, నాలుగు గుప్పెడైనవి. రంగుల పాఠమును ఆమె మిరపకల్లములో చెప్పెను. ఆ బిడ్డ జీవితమెల్ల తాలు ఏరుటకే యని నా భావము కాదు సుమా. నేడు రంగు తెలిసినవాడు రేపు రూపాయినోట్ల భేదము తెలిసికొనును.

ఆ ఉపాధ్యాయిని చేతిసంచిలోని పుస్తకమును ఒకమారు అడిగి చూచితిని. జమాఖర్చులు వ్రాయుట వృత్తిగా గలవాడను గనుక పుస్తకము కనబడినచో చేయి ఊరకుండదు. ప్రతి పుటలోను తేది, పని, దాని యెదుట ఒక గుర్తు. చేయి పట్టి చేయించినచో ఒక గుర్తు, మాటతో చెప్పి చేయించినచో ఒకటి, తనంతట చేసినచో మరియొకటి. పొరుగింటి పిల్లవాడేమి చేయగలడో ఆ పుస్తకమున ఎచ్చటను లేదు. ఈ బిడ్డకు నిన్నటి నిల్వయెంత, నేడు చేరినదెంత, అంతే. మన బడులలో మార్కులచీటీ నలువదిమంది పిల్లలను ఒక వరుసలో నిలుపును. ఈ చిట్టాలో బిడ్డకు పోటీదారు తానే.

ఇది ఆమె సొంతముగా కల్పించిన చిట్టా కాదు. నేటి చెన్నైయగు మద్రాసులో బుద్ధిమాంద్యము గల పిల్లల కొఱకు దశాబ్దముల క్రిందటనే ఒక పట్టికను సిద్ధపరచిరి. అందు 18 విభాగములు, ఒక్కొక్క విభాగమున 20 అంశములు, వెరసి 360. నడక, తిండి, బట్ట, స్నానము, మాట, లెక్క, డబ్బు, ఇంటిపని మున్నగునవన్నియు అందులో కలవు. ప్రతి అంశమును బిడ్డ చేయగల పనిగనే వ్రాయబడినది. "రాదు" అను మాటతో ఒక్క వాక్యమును లేదు. 1984లో సికింద్రాబాదులో నెలకొన్న జాతీయ మానసిక వికలాంగుల సంస్థ, ఇప్పుడు పేరు మారినను, ఇట్టి బోధనలో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుచున్నది. చెవి వినబడని పిల్లలకు మన చెంతనే బాపట్లలో ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలయు, కళాశాలయు కలవు.

గ్రంథాలయ సభలో నిలిచి హెలెన్ కెల్లర్ పేరు తలపకుండుట ఎట్లు? 1880లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున టస్కంబియా యను ఊర పుట్టి, పందొమ్మిదవ నెలలో జబ్బు చేసి చూపును వినికిడిని పోగొట్టుకొన్నది ఆమె. 1955లో మన దేశమునకు వచ్చినది. పంపు నీరు చేతిమీద పడుచుండగా, రెండవ అరచేతిలో గురువు "నీరు" అను మాటను వ్రేళ్లతో వ్రాసిన ఘట్టము లోకవిదితము. అది జరిగినది 1887 ఏప్రిల్ 5వ తేదీన. నేను చెప్పదలచినది దానికి ముందు జరిగిన సంగతులు.

గురువు ఆన్ సలివాన్ ఆ ఇంట అడుగుపెట్టినది మార్చి 3వ తేదీన. ఆమెకప్పటికి ఇరువది యేండ్లు. తానును చూపు చాలక బాధపడినదే. ఇంటిలో హెలెన్ భోజనపు బల్ల చుట్టును తిరిగి, అందరి పళ్లెములలోను చేయి పెట్టి కావలసినది తీసికొనుచుండెను. పాపము గుడ్డిబిడ్డ యని ఇంటివారు ఊరకుండిరి. గురువు ఊరకుండలేదు. చెంచా పట్టి తన పళ్లెములోనే తినుమని పట్టుబట్టెను. తల్లిదండ్రుల యెదుట ఇది సాగదని గ్రహించి, వారిని ఒప్పించి, బిడ్డను తోటలోని చిన్న ఇంటికి తీసికొనిపోయి కొన్నాళ్లు తామిద్దరే యుండిరి. పంపు దగ్గరి వెలుగునకు దారి ఆ చిన్న ఇంటినుండి వచ్చినది.

ఇంకొక సంగతి మన గ్రంథాలయమునకు ప్రీతికరమైనది. సలివాన్ బోస్టన్ నగరపు పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చదివినది. అచటనే 1837 మొదలు లారా బ్రిడ్జ్‌మన్ అను, చూపు, వినికిడి రెండును లేని బాలికకు శామ్యూల్ హోవ్ అను వైద్యుడు భాష నేర్పి, ఏమి చేసెనో, ఏది ఫలించెనో, ఏది ఫలింపలేదో వ్రాసి యుంచెను. వృద్ధురాలైన లారాతో వ్రేళ్ల లిపిలో సంభాషించి సలివాన్ ఆ లిపిని నేర్చుకొనెను. హెలెన్ ఇంటికి పోవుటకు ముందు కొన్ని నెలలు హోవ్ వ్రాతలను చదివెను. అర్ధశతాబ్ది నాటి వ్రాతపుస్తకము ఒక బిడ్డ జీవితమును మార్చినది. సలివాన్ హృదయమును గూర్చి అందరును వ్రాయుదురు. ఆమె చదివిన చదువును గూర్చి ఒక వాక్యమైనను వ్రాయువారు తక్కువ.

మన సాహిత్యమున ఈ విషయము లేకపోలేదు. పరవస్తు చిన్నయసూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రికను మనలో పెక్కుమంది బడిలో చదివిరి. పాటలీపుత్రపు రాజు సుదర్శనుని కుమారులకు చదువు అంటలేదు. విష్ణుశర్మ వారిని కొట్టలేదు, శాస్త్రములు వల్లె వేయించలేదు. కాకి, లేడి, ఎలుక, తాబేలు కథలతో మొదలిడెను. పాఠము బిడ్డకు అందకున్నచో పాఠము చెప్పు తీరు మార్చవలయునని ఆ గ్రంథము తొలి పుటలలోనే యున్నది. మనము మిత్రలాభము రుచి చూచి ఈ సంగతి మరచితిమి. అయితే విష్ణుశర్మ పెట్టిన ఆరు నెలల గడువు మాత్రము మనకు పనికిరాదు. ఆ రాకుమారులు చదువుకొననివారు; మన బిడ్డలు మరియొక విధముగా నేర్చువారు. ఆరు నెలలలో బాగుచేసెదమని ప్రకటనలిచ్చువారు నేడును కలరు. అట్టి మాట చెప్పినవారి గుమ్మము తొక్కవలదని తల్లులకు మనవి.

ఇట్టి సభలలో అష్టావక్రుని కథ చెప్పుట పరిపాటి. వంకర శరీరముతో జనకుని సభకేగి వందిని వాదమున గెలిచినవాడు గనుక అది గొప్ప కథయే. దానిని చెప్పినపుడెల్ల నాకొక శంక కలుగును. పండితుడగుటచే గదా సభలో అతనికి చోటు దొరకినది! పండితుడు కాలేని బిడ్డ మాటయేమి? మన వీధిలోని పిల్లవాడు అష్టావక్రుడు కానక్కరలేదు, హెలెన్ కెల్లర్ కానక్కరలేదు. గుండీలు పెట్టుకొని, అంగడికి పోయి, ఉప్పు ప్యాకెట్టు తెచ్చి, చిల్లర సరిగా లెక్కపెట్టుకొన్నచో అది చాలు. అంతమాత్రము నేర్పుటకైనను గురువు కావలయును.

పూర్వకాలమున మన ధర్మము ఈ విషయమున కఠినముగా నుండెను. పెద్దవాడైనను చూపు లేనందున ధృతరాష్ట్రునికి రాజ్యము రాలేదు. స్మృతులు అంధులకు, బధిరులకు వారసత్వపు వాటా లేదనినవి. ఆ అడ్డును 1928 నాటి చట్టము చాలవరకు తొలగించినను, పుట్టుకతోనే బుద్ధి లేనివారికి మాత్రము తలుపు తెరువలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 28వ సెక్షను, రోగమునుబట్టిగాని, లోపమునుబట్టిగాని, అంగవైకల్యమునుబట్టిగాని వారసత్వము పోదని చెప్పెను. పొలము పంచునపుడు "వానికెందుకు" అను మాట మన వైపున నేటికిని వినబడును గనుక ఈ సెక్షను నంబరు గుర్తుంచుకొనుడు. 2016 చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించెను. అంతకు ముందటి 1995 చట్టమున ఏడే యుండెను. వైకల్యము నూటికి నలువది వంతులకు తగ్గనిచో ఆరవయేటినుండి పదునెనిమిదవయేటి వరకు ఉచితముగా చదువుకొను హక్కు ఆ బిడ్డకు ఈ చట్టముననుసరించి కలదు.

గురువులకును నియమము కలదు. 1992లో చేసిన చట్టముచే భారత పునరావాస మండలి ఏర్పడినది. ప్రత్యేక విద్య బోధించువారు తగిన చదువు చదివి ఆ మండలిలో నమోదు కావలయును. రోగిని ముట్టుటకు వైద్యునికి పట్టా ఎట్లు అవసరమో ఇదియు నట్లే. 2021లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన మీదట, ప్రాథమిక తరగతులలో ఇట్టి పిల్లలు పదిమందికి ఒకరు, పై తరగతులలో పదునైదుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2022లో నిర్ణయించెను. మన రాష్ట్రమున ఈ ఉపాధ్యాయులు చాలకాలము ఒప్పందపు కొలువులలోనే గడపిరి. ఏటేట కొలువుండునో ఊడునో తెలియనివారిని ఓర్పు చూపుమనుట సులభము.

మన మండలములలో భవిత కేంద్రములు కలవు. ప్రత్యేక ఉపాధ్యాయులు అచట బోధింతురు. అవయవములకు వ్యాయామము చేయింతురు. కదలలేని బిడ్డల ఇండ్లకును పోవుదురు. ఇది తెలిసినవారు మనలో ఎందరు? సదరం సర్టిఫికెట్టు అనగానే పింఛను మాత్రమే జ్ఞప్తికి వచ్చును. పింఛను తప్పుకాదు, పేద ఇంటికది ఆధారము. కాని ఆ కాగితమును పెట్టెలో దాచి, బిడ్డను అరుగుమీదనే కూర్చుండబెట్టుట న్యాయమా? మిరప కోతల దినములలో తల్లిదండ్రులు తెల్లవారకముందే పోవుదురు. బిడ్డను కేంద్రమునకు తీసికొనిపోవువారుండరు. ఆ రెండు మూడు నెలలలో బిడ్డ నేర్చినది జారిపోవును. దీనికి ఆటో ఖర్చు పంచుకొనుట, పొరుగువారు వంతులు వేసికొనుట వంటి ఉపాయమును మనమే చూడవలయును.

ఒక మాట తల్లులతో. బిడ్డ ఇట్లు పుట్టుట ఎవరి పాపమని అడుగువారు ఇంటింట నుందురు. సాధారణముగా ఆ వ్రేలు కోడలివైపే తిరుగును. కాన్పులో బిడ్డకు ఊపిరి ఆలస్యమగుట, మెదడుకు సోకు జ్వరములు, వంశములో వచ్చు లక్షణములు మున్నగునవి వైద్యులు చెప్పు కారణములు. కొన్ని విధముల పుట్టుచెవుడు మేనరికములలో హెచ్చుగా కనబడునని తేలినది. కావున సంబంధము కలుపుకొనుటకు ముందే వైద్యుని అడుగుట మేలు. బిడ్డ పుట్టిన పిమ్మట అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇప్పుడేమి నేర్పవచ్చును? చప్పుడునకు పసిబిడ్డ తిరిగి చూడనిచో, "వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యమేలే" అని నాలుగేండ్లు పోగొట్టుకొనకుడు. భాష నాటుకొను కాలమది.

ఇక మన గ్రంథాలయము మాట. చేరువలోనే వేటపాలెమున 1918లో సారస్వత నికేతనము నెలకొల్పినవారి వారసులము మనము. చదువరి పుస్తకమును చేరలేకున్నచో పుస్తకమును చదువరికి చేర్చుట గ్రంథాలయోద్యమపు మొదటి పాఠము. చూపులేనివారి కొఱకు గ్రంథములను అనువైన రూపములలోనికి మార్చుటకు అనుమతించు ఒప్పందమొకటి 2013లో మర్రకేష్ నగరమున కుదిరినది. దానిని అందరికంటె ముందుగా 2014లో ధ్రువీకరించిన దేశము మనదే. అంతకు ముందే, 2012లో, మన గ్రంథస్వామ్య చట్టమును సవరించి ఇట్టివారి చదువు నిమిత్తము ఈ వీలు కల్పించిరి. కావున మన సభ్యులలో మంచి గొంతు గలవారు వారమునకొక గంట కూర్చుండి, చూపులేని విద్యార్థుల పాఠ్యపుస్తకములను సెల్‌ఫోనులో చదివి యుంచవచ్చును. ఖర్చు లేని పని. ఉచ్చారణ స్పష్టముగా నుండవలయును. పుట సంఖ్య చెప్పవలయును. పటము వచ్చినపుడు అందేమున్నదో మాటలలో చెప్పవలయును. ఇందును దయ ఒక్కటి చాలదని గమనింపుడు.

పెద్ద అక్షరముల బొమ్మల పుస్తకములు ఒక బీరువా క్రింది అరలో, కూర్చున్న బిడ్డ చేయి అందునట్లు ఉంచవలెనని రెండవ మనవి. శనివారము సాయంకాలము ఒక గంట ఆ పిల్లలకై కేటాయించి, ఆ గంటలో మిగిలిన పిల్లలను కూడ రానిచ్చి, భవిత ఉపాధ్యాయులలో ఒకరిని దయచేయుమని కోరవచ్చును. ఆ గంటలో అరపులు వినబడవచ్చు, ఒక పుట చిరుగవచ్చు. నిశ్శబ్దము పాటింపుడను బల్లను ఆ గంటసేపు త్రిప్పి పెట్టవలసియుండును.

మూడవది వాకిలి. మన వాకిట మూడు మెట్లు కలవు. ఒక్కొక్కటి ఆరంగుళములు, మొత్తము అడుగున్నర. చక్రముల కుర్చీ తనంతట ఎక్కుటకు ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవు వాలు ఉండవలెనని నియమము. ఆ లెక్కన పదునెనిమిది అడుగులు కావలయును. తూర్పు గోడ వెంబడి ఇరువదిరెండు అడుగుల ఖాళీ యున్నది, కొలిచి చూచితిని. ప్రక్కన పట్టుకొనుటకు ఇనుప కమ్మీ ఒకటి. రాతికి మనము వెదకనక్కరలేదు. దేశదేశములకు నల్లరాయి పంపు ఊరు మనది, క్వారీల యొద్ద పనికిరాని ముక్కలు గుట్టలుగా నున్నవి. అయితే మెరుగు పెట్టిన రాయి వేయరాదు, వాన తడికి జారును. గరుకు రాయి కావలయును. కొలతల కాగితమును కార్యదర్శిగారి చేతికి ఇచ్చియున్నాను.